దొరస్వామి బాగుండాడట

దొరస్వామి నోటి నుంచి ‘బాగుండాను’ అనే మాట విన్నవాళ్లు బంగారుపాళ్యంలో ఎవరూ లేరు. ఎండాకాలం ఎండ మీద కోపం, వానాకాలం వాన మీద కోపం. మామిడికాయకు ధర లేకపోతే అదొక ఏడుపు, ఉంటే దళారులు తినేస్తున్నారని ఇంకో ఏడుపు. “ఏమన్నా, బాగుండావా?” అని పొరపాటున పలకరించామో, “యాడ బాగప్పా? మోకాలు పీకతాంది, కంటి మీద కునుకు లేదు, హోటల్లో ఇడ్లీ రాయి మాదిరి ఉండాది” అని ఒక్క గుక్కలో అప్పజెప్పేవాడు. ఆయన్ను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఆ వెంటనే వెన్నులో వణుకు పుడుతుంది. నవ్వు సంగతి ఊరందరికీ తెలుసు. వణుకు సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. కాయల సీజన్‌లో ఒళ్లు హూనం చేసుకుంటాడు, మిగతా ఏడాదంతా రేడియోల పిచ్చి. హ్యామ్ రేడియో అని ఒకటుంది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే సొంత రేడియోతో గాలిలో మాట్లాడుకోవచ్చు, వ్యాపారానికి మాత్రం వాడకూడదు. దొరస్వామికి ఉత్త మాటలు చాల్లేదు. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు అక్షరాలు పోవాలి, సెల్ టవరూ కేబులూ లేకుండా మనకంటూ ఒక ఇంటర్నెట్టు ఉండాలి అని పట్టుబట్టాడు. ఊరి బయట వాగును మేము వంక అంటాం, ఆ వంక దాటితే గుట్ట మీద ఆయన మామిడి తోట. అక్కడ మోటారు కొట్టం పక్కన ఇనుప స్తంభం పాతి, దాని కొసన ఏరియల్ కట్టాడు. కొట్టంలో ఒక రేకు పెట్టె పెట్టాడు. అందులో రేడియో, పాత కంప్యూటరు, ఎండతో నిండే బ్యాటరీ. చిత్తూరులో కాలేజీ లెక్చరర్ బాలచంద్ర దగ్గర ఒక పెట్టె, హైవే పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే నా కొట్లో ఇంకోటి. నా అక్షరాలు చిత్తూరు చేరాలన్నా, అక్కడివి నాకు చేరాలన్నా గుట్ట మీది పెట్టే దాటించాలి. ముగ్గురు మనుషుల ఇంటర్నెట్టు మాది!

ఊరు నవ్వకుండా ఉంటుందా? “సేతిలో సెల్లు పెట్టుకోని గుట్టెక్కి కబురు పంపేదేందప్పా, నాకు తల తిరగతాంది” అనేవాడు జేసీబీ నడిపే చిన్నబ్బ.

“పెద్ద వాన రానీరా, నీ సెల్లు బాగోతం అప్పుడు తెలస్తాది” అనేవాడు దొరస్వామి.

ఆయన మాకు రెండు కట్టుబాట్లు నూరిపోశాడు. ఒకటి, అవతలి నుంచి ‘అందింది’ అని జవాబు వచ్చేదాకా మన కబురు పోయినట్టు కాదు. జవాబు వచ్చాక మాత్రం మళ్లీ మళ్లీ అడిగి పీక్కుతినకూడదు, గాలిని మిగతావాళ్లకు వదలాలి. రెండు, గాలిలో అబద్ధం ఆడకూడదు. ఇంట్లో పెళ్లాంతో ఆడుకోండి, గాలిలో మాత్రం వద్దనేవాడు.

ఆ పెళ్లాం పేరు మునిరత్నమ్మ. నాకు వదిన వరస. ఆమెకు దిగులు ఎక్కువ. నేను చెప్పబోయే తుపానుకు ముందు ఏడాది ఒకసారి ఆయన తోటలో ఉండగా వాన పట్టుకుంది. నా కొట్టు నుంచి కబురు పంపితే జవాబు రాలేదు, ఆయన మోటారు దగ్గర ఏదో చూసుకుంటున్నాడు. వదిన ఆగలేక వాన్లోనే బయల్దేరి వంక దగ్గర జారి పడింది. ఆయన నానా తిట్లూ తిట్టాడు. తిట్టి, మరుసటి రోజు గుట్ట మీది పెట్టె విప్పుకుని ఒక పూటంతా ఏదో కెలుకుతూ కూర్చున్నాడు. ఏం చేస్తున్నావన్నా అంటే, “ఈమె పోరు పడలేకుండా ఉండానబ్బా” అని మాత్రం అన్నాడు.

ఇక తుపాను సంగతి. వస్తుందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. దొరస్వామి వదినను ఊళ్లోని ఇంట్లోనే ఉంచి, తాను బియ్యమూ పచ్చడీ మూట కట్టుకుని గుట్టెక్కాడు. సాయంత్రానికి కరెంటు పోయింది, ఆ వెనకే సెల్ టవర్లు పోయాయి. వంక రోడ్డు మీదికి ఎక్కింది. నిన్నటిదాకా నవ్విన ఊరు నా కొట్టు ముందుకొచ్చి నిలబడింది. శ్రీ సిటీలో పనికి పోయిన కూతురు ఎట్లా ఉందో కనుక్కోమని ఒకరు, చిత్తూరు ఆసుపత్రిలో కాన్పు అయిందా లేదా అడగమని ఒకరు. నేను కొడతాను, గుట్ట దాటిస్తుంది, ఫోన్లు పోని చిత్తూరులో బాలచంద్ర కనుక్కుని జవాబు పంపుతాడు. మధ్యమధ్యలో దొరస్వామి సొంత వార్తలు వచ్చేవి. “కొట్టం కారతాంది. అగ్గిపెట్టె తడిసింది. గాలికి ఏరియల్ వంగతాంది. ఈ వానకు బుద్ధీ జ్ఞానం లేదు.” చదివి వినిపిస్తే ఆ దిగుల్లో కూడా జనం పకపకా నవ్వారు.

మరుసటి రోజు పొద్దున్నే వదిన యూరియా గోతం నెత్తిన కప్పుకుని వచ్చింది. “మీయన్న ఎట్లుండాడో అడగప్పా.”

అడిగాను. కాసేపటికి తెర మీద జవాబు వచ్చింది. ‘అందింది. బాగుండాను. దిగులు పడొద్దు.’

వదిన గుండెల మీద చెయ్యి వేసుకుని ఇంటికి పోయింది. గాలిలో పోయేది ముగ్గురి తెరల మీదా పడుతుంది గనుక, అటు చిత్తూరు నుంచి బాలచంద్ర కూడా చూసి మెచ్చుకున్నాడు. ‘చూడు సుకుమార్, ఆపదలో ఎట్లా మాట్లాడాలో ఆయన్ని చూసి నేర్చుకో. ఒక్క మాట ఎక్కువ లేదు’ అని రాశాడు. నిజమే, ఎంత క్రమశిక్షణ అనుకున్నాను.

మధ్యాహ్నం ఆమె మళ్లీ వచ్చింది. తిన్నాడో లేదో అడగమంది. నేను కొంచెం విసుక్కున్నాను. అందిందని వచ్చాక మళ్లీ అడగడం మా కట్టుబాటు కాదు, పైగా వెనక అంత మంది నిలబడి ఉన్నారు. అయినా అడిగాను. ‘అందింది. బాగుండాను. దిగులు పడొద్దు.’ ఈసారి ఆమె కదల్లేదు.

“మోకాలు ఎట్లుండాదో అడుగు.”

“వదినా…”

“అడగబ్బా!”

అడిగాను. ‘అందింది. బాగుండాను. దిగులు పడొద్దు.’

ఆమె తెర దగ్గరికి వచ్చి ఆ మూడు ముక్కల్నీ కూడబలుక్కుని చదివింది. తర్వాత నా వైపు తిరిగింది.

“సుకుమారూ, ఇది ఆయన కాదు.”

“ఆయన కాకుంటే ఇంగెవురు వదినా? గుట్ట మీద ఇంగెవురుండారు?”

“ఇన్నేండ్లు కాపురం సేసినానే, బాగుండానని ఒక్కతూరన్నా అనినాడా? పెండ్లి పీటల మీద కూసోని సొక్కా బిగుతుగా ఉండాదని ఏడ్సినోడు. మోకాలు సంగతి అడిగితే మోకాలు గురించి సెప్పకుండా ఊరకుండే మనిషా ఆయన?”

జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

“ఇంగొకటి పంపు.”

“ఏమని?”

“మునిరత్నమ్మ సచ్చిపోయిందని.”

కొట్లో నవ్వు ఆగిపోయింది. “అబద్ధం వదినా. గాల్లో అబద్ధం ఆడితే అన్న నన్ను సంపేస్తాడు” అన్నాను.

“సంపనీ. వొచ్చి సంపమను. అప్పుడు బతికుండాడని తెలస్తాది గదా!”

‘మునిరత్నమ్మ వదిన చనిపోయింది’ అని కొట్టి పంపాను. పక్కనే కూర్చున్న మనిషి చావు కబురు అది.

ముందు బాలచంద్ర అక్షరాలు వచ్చాయి. ‘ఏందిది వదిన కా ఎట్లా సుకుమర్ ఎపుడు అయ్యో’. సగం మాటల్లో తప్పులు. తడబడిన వేళ్లు కనబడుతున్నాయి వాటిలో.

ఆ కిందనే గుట్ట మీది నుంచి జవాబు వచ్చింది.

‘అందింది. బాగుండాను. దిగులు పడొద్దు.’

రేకుల మీద వాన చప్పుడు ఒక్కటే వినబడుతోంది. పొద్దున్నించీ నేను మాట్లాడింది మనిషితో కాదు, రేకు పెట్టెతో! ఆ పోయిన ఏడాది పూటంతా కూర్చుని ఆయన కెలికింది ఏమిటో నాకప్పుడు అర్థమైంది. పెళ్లాం మళ్లీ వాన్లో వంక దగ్గరికి పరిగెత్తకూడదని, తన పేరున వచ్చిన కబురుకు తాను కాసేపు పలకకపోతే పెట్టే పలికేటట్టు ఆ మూడు ముక్కలూ అందులో పెట్టాడు. దాన్ని నమ్మి మేము ఆ మనిషిని గుట్ట మీద వదిలేసి, ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకుంటూ కూర్చున్నాం.

“సిన్నబ్బా, నీ బండి తియ్యరా” అంది వదిన.

చిన్నబ్బ జేసీబీ తెచ్చాడు. వంకలో నీళ్లు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి. ముందున్న తొట్టిలో నేనూ ఇంకో ఇద్దరూ నిలబడ్డాం. ఆడమనిషివి నువ్వు వద్దన్నా వినకుండా వదిన కూడా ఎక్కింది. బండి ఒకసారి పక్కకు ఒరిగింది. చిన్నబ్బ దేవుణ్ణీ వంకనూ కలిపి తిట్టుకుంటూ గట్టెక్కించాడు.

దొరస్వామి స్తంభం కింద రాళ్లలో పడి ఉన్నాడు. గాలికి వంగిన ఏరియల్‌ను ఎక్కి సరిగ్గా కట్టేశాడు. దిగేటప్పుడు జారాడు. తొడ ఎముక విరిగి బయటికి పొడుచుకొచ్చింది. చూడలేక నేను తల తిప్పుకున్నాను. కొట్టం తలుపు అక్కడికి నాలుగు బారలు కూడా లేదు. లోపల పెట్టె మీద పచ్చ దీపం చక్కగా వెలుగుతోంది.

బతికే ఉన్నాడు. పెదాలు నల్లబడిపోయాయి. వదిన తల ఒళ్లోకి తీసుకుంటే కళ్లు తెరిచి, నా వైపు చూశాడు.

“అది గర్రుమంటాది. అంటే మీరడగతాండారని. మళ్లీ గర్రుమంటాది. బాగుండానని అది సెప్తాండాదని. నేనీడ గొంతు సించుకోని అరస్తానే ఉండాను సుకుమారూ. నా ఏడుపు ఎవురికీ ఇనపల్యా. దాని మాటే మీకు ఇనపడె.”

ఎన్నిసార్లు గర్రుమందో ఆయన లెక్కపెట్టుకోలేదట. నాకు తెలుసు, ప్రతిసారీ కొట్టింది నేనే గనుక. చావు కబురుకు కూడా అది గర్రుమని బదులిచ్చింది. ఆ సంగతి ఆయనతో చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాలేదు.

తిరుపతి పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు, కాలు నిలబెట్టలేకపోయారు. మోకాలి పైదాకా తీసేశారు. చంకలో కర్రలతో ఇంటికొచ్చిన వారానికే గుట్టెక్కాలని గొడవ పెట్టాడు. వదిన ససేమిరా అంది. చివరికి ట్రాక్టర్‌లో ఎక్కించుకుని తానే తీసుకుపోయింది. పెట్టె ముందు కూర్చుని ఆయన పాత మూడు ముక్కలూ తుడిచేశాడు. కొత్తవి రాశాడు. ‘పెట్టెకు అందింది. మనిషి సంగతి తెలీదు.’ చిత్తూరు పెట్టెలోనూ నా పెట్టెలోనూ ఇప్పుడు అవే మాటలున్నాయి. పొరపాటున కూడా మా పెట్టెలు ఎవరి బాగూ చెప్పవు.

మళ్లీ వానలు మొదలయ్యాయి. ఆయన మళ్లీ గుట్ట మీదే. కాకపోతే ఇప్పుడు తోడుగా ఒక మనిషి ఉండాలని వదిన షరతు, స్తంభం ఎక్కడానికి ఆ మనిషే. మొన్న జోరున కురుస్తుంటే వదిన గోతం కప్పుకుని కొట్టుకు వచ్చింది.

“ఎట్లుండాడో అడగప్పా.”

కట్టుబాటు గిట్టుబాటు ఏమీ గుర్తు చేయలేదు నేను. అడిగాను. ‘పెట్టెకు అందింది. మనిషి సంగతి తెలీదు’ అని వచ్చింది. ఆమె దాని వైపు చూడనైనా చూడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను తెర మీద నుంచి కన్ను తీయలేదు.

కాసేపటికి ఒక్కో అక్షరమూ రావడం మొదలైంది.

‘కొట్టం మళ్లీ కారతాంది. కూడు సల్లారిపోయింది. ఈ తోడొచ్చినోడు గురక పెడతాండాడు. లేని మోకాలు పీకతాంది.’

వదిన కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆయనే” అంది. “ఇంగ నేను పొయ్యొస్తా సుకుమారూ, పొయ్యి మీద సంగటి ఉండాది.”