పన్నెండో నంబరు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా అమ్మ మీద ఒట్టు. చాలదంటే నా డేటా స్ట్రక్చర్స్ రికార్డు నోటు మీద కూడా ఒట్టేస్తాను, అందులో సగం ఔట్‌పుట్లు పక్కవాడి దగ్గర చూసి రాసినవే అయినా సరే.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మద్రాసు పురసవాక్కంలో మా మేడ మీద గజ్జెల చప్పుడు పుట్టించి, మా పిన్నిని మూడు రోజులు కునుకు తీయనివ్వనివాణ్ణి నేనే. సరుకు తయారుచేసేవాడు సరుకును చూసి భయపడడు కదా.

తొంభైల మొదట్లో మద్రాసులో ఒక కాలేజీలో మధ్యాహ్నం షిఫ్టులో బీయస్సీ కంప్యూటర్ సైన్స్ చదివాను. పేరు కంప్యూటర్ సైన్సే గానీ కంప్యూటర్లు ఆరే. ఏసీ గదిలో ఉండేవి. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. వారానికి ఒక్కసారి, ఒక్కో మెషీనుకు ఇద్దరేసి, నలభై నిమిషాలు. మిగతా చదువంతా బ్లాక్‌బోర్డు మీదే.

చెప్పడానికి కంప్యూటర్ చదివిన లెక్చరర్లు దొరికేవాళ్ళు కాదు. అందుకని లెక్కల మాస్టారు రంగనాయకులుగారిని వేసవిలో మూడు వారాల శిక్షణకు పంపి, తిరిగి రాగానే మా మీదికి వదిలారు. ఆయన మెషీను ముందు కూర్చుంటే ఒక్కో అక్షరం వెతుక్కుని ఒంటివేలితో కొట్టేవారు. చాక్‌పీసు పట్టుకుంటే మాత్రం ఆయనకు ఎదురులేదు. పాఠం ఇంగ్లీషులో, తిట్లు తమిళంలో. తెలుగువాళ్ళం మేం నలుగురం, మాతో తెలుగులో.

"ప్రోగ్రాము మెషీనుకు ఇచ్చేముందు మీరే మెషీను కావాలి" అనేది ఆయన పద్ధతి. అంటే మెషీను ఏమేం చేస్తుందో అంతా ముందు కాగితం మీద మేం చేసి చూడాలి. కాగితం చాలని పాఠమైతే మమ్మల్నే లేపి నిలబెట్టేవారు.

లింక్డ్ లిస్టు అలాంటి పాఠం. సమాచారం ఒక గొలుసులా ఉంటుంది. ఒక్కో గడికీ తన తర్వాతిది ఎక్కడుందో మాత్రమే తెలుసు. ఇది మా బుర్రకెక్కించడానికి సార్ క్లాసు మొత్తాన్ని వరండాలో వరసగా నిలబెట్టేవారు. ముప్పై ఒక్కమందిమి. వెనక పన్నెండుమంది మగపిల్లలు, వాళ్ళ ముందు పందొమ్మిదిమంది ఆడపిల్లలు. కళ్ళు మూసుకోవాలి, ఎందుకంటే మెమరీకి కళ్ళుండవు. ప్రతివాడూ తన ముందున్నవాడి భుజం మీద చెయ్యి వేయాలి. అందరికంటే వెనకవాడు "వన్" అని ముందువాణ్ణి తట్టాలి. వాడు "టూ" అనాలి. అలా చివరిదాకా. తట్టు పడందే నోరు తెరవకూడదు.

మగపిల్లల వరస ముగిసి ఆడపిల్లల వరస మొదలయ్యేచోట చెయ్యి వేయడానికి లేదు. అక్కడ చెక్క స్కేలు. పన్నెండోవాడు దామోదరం స్కేలు కొసతో కాంచన భుజాన్ని తాకేవాడు. ఆమె "థర్టీన్" అనేది. దాము వెనక పదకొండో నంబరు నాది.

దాము ఎన్నూరు నుంచి వచ్చేవాడు. వాళ్ళ నాన్నకు థర్మల్ స్టేషన్‌లో పని. ఇంటి ముందు తీగ మీద ఆరేసిన చొక్కాకు బూడిద పట్టేది. వాడి భుజం మీద చెయ్యి వేసి తీస్తే నా అరచెయ్యి మసకగా అయ్యేది. "ఏందిరా, స్నానం చేసినావా లేదా?" అంటే, "మీ ఇంటికి కరెంటు ఊరికే వస్తా ఉండాదా? మేం పీల్చినాకే మీకు లైటు" అనేవాడు.

ఒకరోజు సార్ గొలుసులోంచి ఒక గడిని తీసేయడం నేర్పుతున్నారు. నన్ను పిలిచి, దామును తీసెయ్యమన్నారు. నేను వాణ్ణి కాలరు పట్టుకుని పక్కకు లాగేశాను.

"పోయె! తీసేముందు వాడి ముందర ఎవరుండారో పట్టుకోవాలి గదరా. ఇప్పుడా పందొమ్మిదిమందీ ఏడ ఉండారో ఎట్ట కనుక్కుంటావు?"

"ఈడనే ఉండాం సార్" అంది కాంచన. "వీడికి ఆడపిల్లలని అప్పజెప్తే ఇంతే."

"నేనూ బతికే ఉండా సార్, వీడే నన్ను మరిచిపోయినాడు" అన్నాడు దాము.

సార్ నవ్వలేదు. "కరెక్ట్‌గా చెప్పినావు. తీసేసిన గడి యాడికీ పోదు. మెమరీలోనే ఉంటాది. దాని కాడికి పోయే దారే ఉండదు."

ఆ తర్వాతి వారమే దాముకు కామెర్లు వచ్చాయి. నేలఉసిరి రసం తాగిస్తున్నారని, పథ్యం పెట్టారని తెలిసింది. వెళ్ళి చూడాలనుకున్నాను. ఎన్నూరు బస్సు ఎక్కితే గంటన్నర. రేపు, ఎల్లుండి, శనివారం అనుకుంటూ మూడు వారాలు గడిపాను. నాలుగో వారం హాజరు పిలుస్తూ సార్ దాము పేరు దగ్గర ఆగి, పుస్తకం మూసి, విషయం చెప్పారు.

పదిరోజుల తర్వాత మళ్ళీ వరండాలో వరస కట్టించారు. పాఠం ముందుకు సాగాలి కదా. మధ్యాహ్నం మూడు గంటలు, బాగా ఎండగా ఉంది. సార్ స్కేలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"చెంగల్రాయా, ఒక అడుగు ముందుకు జరుగు."

నేను జరగలేదు.

"జరగరా. సందు ఉండకూడదు."

"ఉండనీండి సార్. స్కేలు అందుతాది."

నిజానికి అందదు. నా ముందు మనిషి పట్టేంత ఖాళీ ఉంది. నేను జరిగితే కాంచన "ట్వెల్వ్" అంటుంది. ఆ మాట ఆమె నోట వినడం నాకు ఇష్టం లేదు. అంతకుమించి కారణమేమీ లేదు. సార్ వరస చివరికి వెళ్ళి నిలబడ్డారు.

కళ్ళు మూసుకున్నాం. లెక్క మొదలైంది. నా భుజం మీద తట్టు పడింది. "లెవెన్" అన్నాను.

నా ముందునుంచి, ఆ ఖాళీలోంచి, "ట్వెల్వ్" అని వినబడింది. దాము గొంతే. కాస్త ముక్కుతో, చివర సాగదీస్తూ. నా వెనకవాడూ విన్నాడు, కాంచనా వింది. "థర్టీన్" అని లెక్క సాగిపోయింది. చివరి అమ్మాయి "థర్టీ వన్" అని, తనే బిత్తరపోయి కళ్ళు తెరిచింది.

సార్ వేలితో తలలు లెక్కపెట్టారు. ముప్పై.

"మళ్ళీ" అన్నారు సార్.

రెండోసారి నా వంతు రాగానే "లెవెన్" అన్నాను. ముందునుంచి ఏ గొంతూ రాలేదు. స్కేలు ఇంకా నా తొడ పక్కనే ఉంది, ఎత్తనే లేదు. ఇంతలో కాంచన "థర్టీన్" అంది.

లెక్క మళ్ళీ ముప్పై ఒకటి.

"ఎవరు నిన్ను తట్టింది?" అని సార్ ఆమెనడిగారు.

"స్కేలు తగిలింది సార్. ట్వెల్వ్ అన్నాకే తగిలింది."

"నేను ఎత్తనే లేదు, కాంచనా" అన్నాను.

"మరి ఎవురు తట్టినారు? ఈడ, చూడు" అని కుడి భుజం చూపించింది. ఏడవడం మొదలుపెట్టింది.

రెండోసారి ఆ మాట ఆమెకు తప్ప ఎవరికీ వినబడలేదు. రోజూ తన నంబరు థర్టీనే కాబట్టి అలవాటుకొద్దీ అనేసిందని మీరనొచ్చు. నేనూ అనుకుని చూశాను. కానీ తట్టు పడనిదే నోరు విప్పే రకం కాదు కాంచన. ఒకసారి దాము కావాలనే తట్టకుండా నిలబడితే, అయిదు నిమిషాలు రాయిలా నిలబడి వాణ్ణే తిట్టించింది.

మూడోసారి లెక్కపెట్టిస్తారేమో అనుకున్నాం. సార్ అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ పొద్దుకు ఉండనీండి" అన్నారు. అంతే. మమ్మల్ని పంపేశారు.

తర్వాతి క్లాసులో నేనే ఖాళీ వదిలి నిలబడ్డాను. లెక్క నా "లెవెన్" దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాతి క్లాసులో కూడా అక్కడే. మూడో క్లాసులో, ఎవరూ చెప్పకుండానే, ఒక అడుగు ముందుకు జరిగి కాంచన భుజం మీద స్కేలు ఆనించాను. ఆమె చాలాసేపు తటపటాయించి "ట్వెల్వ్" అంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ప్రోగ్రాములు రాసే బతికాను. ఇప్పుడు పిల్లలకు గొలుసు కట్టే పని లేదు, తయారుగా దొరుకుతుంది. ఈ కథ విని మా ఆఫీసు కుర్రాళ్ళు, "ఇందులో మీరు కల్పించింది ఎంత సార్?" అని అడుగుతారు. నా సంగతి వాళ్ళకు తెలుసు.

సరే, చెప్పేస్తాను. మొదటి "ట్వెల్వ్" నేనే అన్నాను. దాము గొంతు నాకు బాగా వచ్చు. వాడు బస్సు తప్పిన రోజుల్లో హాజరుకు వాడి బదులు పలికింది నేనే. ఆ రోజు అల్లరికి అనలేదు. వాడి నంబరు వాడి గొంతుతోనే ఒక్కసారి వినాలనిపించి అన్నాను. స్కేలు చాపి, కొంచెం ముందుకు వంగి కాంచనను తాకిందీ నేనే. కల్పించింది అంతే.

రెండోసారి సంగతి నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. రెండోసారి నేను పళ్ళు బిగించి, స్కేలు కిందికి దించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. వాడు వస్తే అడ్డం ఉండకూడదని.