ఖాలా చెప్పని లెక్క

మా గల్లీ ఆశా కార్యకర్త, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆమె, పోయిన శుక్రవారం చనిపోయింది. మాదన్నపేట మార్కెట్‌లో కొత్తిమీర ఏరుతుంటే కూరలమ్మే ఆమె చెప్పింది. కట్ట అక్కడే పడేసి యాకుత్‌పురాలోని మా గల్లీ దాకా నడిచాను. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె ఉర్దూ చదువుకుంది. తెలుగు ఫారాలు నా చేత నింపించుకునేది. ఆమె తెచ్చే ఆరోగ్య కరపత్రాలు చదివి ఊగిపోయే నన్ను చూసి నవ్వేది. "నీ బీపీ చూసుడు నా డ్యూటీ కాదు బేటా, నేను గర్భిణులకే చూస్తా," అనేది.

ఆ గర్భిణులందరినీ ఒకే రోజు, ఒకే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లేది. రక్తపరీక్షలో ఎవరికైనా హెపటైటిస్-బి ఉన్నట్టు తేలితే మళ్లీ అందరినీ పిలిచేది. ఎవరి కోసం వెళ్తున్నారో ఆటోలో ఉన్నవాళ్లకే తెలిసేది కాదు. తల్లికి ఏ బాధా లేకుండా కాలేయంలో దాగి ఉండే ఈ జబ్బు కాన్పులో బిడ్డకు అంటుతుంది. పుట్టిన రోజే బిడ్డకు టీకా సూది పడితే చాలావరకు ఆగుతుంది. ఇదంతా కరపత్రంలో ఉంది. మన గర్భిణుల్లో ఎంతమందికి ఉందో మాత్రం లేదు. ఖాలాను అడిగితే చెప్పలేదు. లెక్క బయటపెట్టకపోతే ఎవడు పట్టించుకుంటాడని లొల్లి చేశాను. చాయ్ తాగమంది.

ఒకసారి ఫారాలు నింపుతుంటే ఒకామె రక్తపరీక్ష కాగితం నా కంటబడింది. మర్నాడు పొద్దున్నే గల్లీ మొగలో, మొదటి గోడకే, చార్ట్ అంటించాను: "ఈ గల్లీ గర్భిణుల్లో ఒకరికి హెపటైటిస్-బి. దాచడమే అసలు జబ్బు." పేరు రాయలేదు కదా అని నా ధీమా.

మధ్యాహ్నానికి గల్లీ అంతా ఆ ఒక్కరెవరని వెతకసాగింది. అత్తలు కోడళ్లను పరీక్షలకు పంపడం మానేశారు. ఏ జబ్బూ లేని ఒకామెకు కంచం, గ్లాసు వేరు పెట్టారు. నిజంగా జబ్బు ఉన్నామె నిండు నెలలతో ఫలక్‌నుమాలోని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఖాలా నన్ను తిట్టలేదు. చార్ట్ పీకి నా చేతిలో పెట్టింది.

"నువ్వు ఒకటి అని రాసినవ్. ఆ ఒకటి అత్త ముందట కూసుని అన్నం తినాలె బేటా. గది సోచాయించినవా?"



ఇద్దరం ఫలక్‌నుమా వెళ్లాం. ఆ గర్భిణి తల్లి తలుపు సగమే తెరిచి, కాన్పు ఇంట్లోనే చేస్తామంది. నేను వాదించబోతే ఖాలా నన్ను రైల్వే స్టేషన్‌కు పంపేసింది. ఆ తర్వాత రోజూ ఒక్కతే వెళ్లింది. జబ్బు మాటే ఎత్తలేదట. కాళ్లవాపు, నడుంనొప్పి, పుట్టబోయే బిడ్డకు కుట్టిన చొక్కాలు, ఇవే ముచ్చట్లు. నొప్పులు మొదలైన పొద్దున ఆ తల్లే ఖాలాకు ఫోన్ చేసింది.

ఎంతమందికి అన్న ప్రశ్న నన్నింకా వదల్లేదు. లెక్క తీయాల్సిందే, ప్రభుత్వం చెప్పాల్సిందే. కానీ దాని కోసం ఒక మనిషిని గల్లీకి పట్టిచ్చే హక్కు నాకెవరిచ్చారు? ఆమె ఎవరో ఇక్కడా రాయను.

ఆ కాన్పు రోజు ఆస్పత్రి వరండాలో నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్నాను. ఖాలా అప్పుడే పుట్టిన పిల్లను ఎత్తుకుని బయటికొచ్చింది. సూది పడిన చిన్న తొడ మీద దూదిని వేలితో అదిమి పట్టుకుంది.

"పడ్డది బేటా," అంది.

పిల్ల ఏడుపు ఆపి నిద్రపోయింది. ఖాలా వేలు తీయలేదు.