జాతర కరపత్రంలో ఆనవాయితీ

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు జరిగిన సంగతి ఇది. కొల్లాపూర్ పక్కన మా ఊరి బడిలోనే నేను తెలుగు టీచర్‌ని. జాతర కరపత్రం రాసే పని ఏటా నాకే వచ్చేది.

ఆ ఏడు కమిటీ మారింది. కొత్త అధ్యక్షుడు నా దగ్గర చదువుకున్నవాడే. వాడు తెచ్చిన కాగితంలో "తరతరాల ఆనవాయితీ ప్రకారం డీజేతో ఊరేగింపు" అని ఉంది. ఊళ్లోకి డీజే వచ్చి రెండేళ్లు! నవ్వొచ్చింది. కింది వరుస చదివాక నవ్వు పోయింది. గుడి మీద ఎగరేసే జెండా హైదరాబాదు నుంచి తెప్పిస్తారట. ఆ జెండా ఎప్పుడూ మా వీధి దర్జీ చాచానే కుడతాడు. ఆయనకు ముందు తండ్రి, తాత కుట్టారు. కుట్టినన్ని రోజులూ ఆ ఇంట్లో నీసు వండరు. వండొద్దని వాళ్లకెవరూ చెప్పలేదు.

"చాచా జెండా ఏమైందిరా?"

"ఆయనెందుకు టీచరమ్మా? మన పద్ధతి మనకుండాలె గద."

"మూడు తరాలు కుట్టింది ఆనవాయితీ గాదు, నీ డీజే ఆనవాయితీనా?"

"మీరు రాయకుంటే ప్రెస్సోడే రాస్తడు తియ్యిండ్రి."

పెద్దల నాటి నుంచి అందరూ గౌరవిస్తూ వస్తున్న పద్ధతి ఆనవాయితీ అని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన దాన్ని. ఒళ్లు మండింది. కాగితం వాడి చేతిలోనే పెట్టి చాచా ఇంటికి వెళ్లాను. అప్పటికే జెండా కుట్టి, మడిచి పెట్టాడు. సంగతి చెప్పాను.

"జర ముందుగాల చెప్తే ఏంబోయె బిడ్డా?" అన్నాడు.

జాతర రోజు గుడి ముందు మా అమ్మ బోనంతో నిలబడిపోయింది. "చాచా జెండా ఎక్కెదాక బోనం దించ" అంది. వెనకున్న ఆడవాళ్లు కూడా కదల్లేదు. గంటసేపు ఎండలో అలాగే ఉన్నారు. చివరికి పట్నం జెండా పక్కనే చాచా జెండా కూడా కట్టారు.

గెలిచామనుకున్నాను. మరుసటి ఏడు కరపత్రం చూశాను. డీజే ఆనవాయితీగానే ఉంది. దాని కింద "ఈ యేటి ప్రత్యేకం: ముస్లిం సోదరుని జెండా" అని వేశారు.

"ఇదేందిరా?" అని అడిగాను.

"మంచిగనే రాసినం గద టీచరమ్మా! ఆయనకు మర్యాదనే గద?"

వాడు వెటకారంగా అనలేదు. నిజంగానే వాడికి తప్పు కనపడలేదు. ఆనవాయితీ అన్న మాటకు అర్థం వాడికి నేర్పింది నేనే.