నేను కడిగిన సీసా

పంజాగుట్టలో ఒక నీళ్ల పరీక్షల ల్యాబులో సీసాలు కడగడం నా పని. కడగడం నాకు మా అమ్మ నుంచి వచ్చింది. ఆమె చెరువు ఒడ్డున పదిళ్ల బట్టలు ఉతికేది. నేను పక్కన నిలబడి జాడించేదాన్ని. బడి మొహం చూడలేదు. యాభై దాటాక, మా బస్తీలో ఆడవాళ్లకు చెప్పే క్లాసులో కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం దారిలోనే వచ్చాయి. అమీర్‌పేటలో స్తంభం కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సులదో లేడీస్ హాస్టల్‌దో కాగితం అంటించి ఉంటుంది. మెట్రో బోర్డు మీద అమీర్‌పేట పేరులో మొదటి అక్షరం ఏ, తరవాతి స్టేషన్ పంజాగుట్ట పేరులో మొదటి అక్షరం పీ. నాకు మొదట వచ్చిన ఇంగ్లీషు అక్షరాలు ఆ రెండే.

మా ల్యాబులో చెరువు నీళ్ల మీద పరిశోధన చేసే అమ్మాయి ఉంది. కాకినాడ వైపు పిల్ల, అమీర్‌పేట హాస్టల్లో ఉంటుంది. చెరువులో ఏ బాక్టీరియా ఎక్కడ ఉంటుంది, ఎందుకు ఉంటుంది అన్నది ఆమె చదువు. ఒకరోజు నేను అడిగితే టీ తాగుతూ చెప్పింది. గుక్కెడు నీళ్లలో ఎన్నో రకాలు ఉంటాయట. కొన్ని ప్రతి మూలా గుంపులుగా ఉంటాయి. నీళ్లలో ఉప్పు, పులుపు, తిండి తమకు సరిపడితే అక్కడ పెరిగిపోతాయి. మిగతా రకాలన్నీ అరుదు, ఒకటీ అరా. అవి మురికినీళ్ల నాలాతోనో, గాలితోనో, కొంగ కాలికంటిన బురదతోనో వచ్చి చేరతాయి. తమ రోజు వచ్చేదాకా నిద్రపోతున్నట్టు ఉంటాయి.

"అయితే మా అమీర్‌పేట లెక్కనే ఉన్నది," అన్నాను. "హాస్టల్ పిల్లలు ఎటు జూసినా గుంపులే. మా అసుంటోళ్లు సందుకు ఒక్కరు."

ఆమె పకపకా నవ్వింది.

ఆ నవ్వు రెండు వారాలు కూడా నిలవలేదు. ఒకే చెరువులో, ఒకే మెట్ల దగ్గర ముంచి తెచ్చిన పది సీసాల ఫలితాలు వచ్చాయి. ఆరింటిలో మామూలు రకాలే. నాలుగింటిలో మాత్రం అరుదైన రకాలు బోలెడు. మా ల్యాబు పెద్ద సార్ ఆ కాగితం పట్టుకుని నేరుగా నా సింకు దగ్గరికే వచ్చారు.

"ఏంటమ్మా ఇది? ఒకే చోటి నీళ్లు ఇలా రెండు రకాలుగా ఎలా ఉంటాయి? పాత మురికి సీసాల్లోనే ఉండిపోయింది. నువ్వు సరిగ్గా కడగడం లేదు. మళ్లీ ఇలాగైతే వేరే మనిషిని పెట్టుకుంటాం."

పని పోతుందన్న భయం కన్నా, కడగడం రాదన్న మాట ఎక్కువ గుచ్చుకుంది. ప్రతి సీసానూ మూడుసార్లు బ్రష్షుతో రుద్ది, శుద్ధి చేసిన నీళ్లతో జాడించి, ఆవిరి మెషిన్‌లో పెట్టి తీస్తాను. మా అమ్మ చేతి తెల్లబట్టల్లో మరక చూపించినవాళ్లు లేరు. ఆమె బిడ్డను నేను.

అమ్మాయి ఫ్రిజ్ దగ్గర తల పట్టుకుని కూర్చుంది. పది సీసాలూ బయటికి తీయమన్నాను. తప్పు పట్టిన నాలుగింటిని ఒక పక్క, మిగతా ఆరింటిని ఒక పక్క పెట్టాను. చీటీలు కూడబలుక్కుంటూ చదివాను. నంబర్లు కలవలేదు. తేదీలు కలవలేదు. చివర టైము చూశాను. ఆరు సీసాల మీద టైము పక్కన అమీర్‌పేట ఏ. నాలుగు సీసాల మీద పంజాగుట్ట పీ.

"బిడ్డా, ఏ అంటే పొద్దుగాల, పీ అంటే పగటాల్ల దాటినంక, అంతేగదా?"

"అవునాంటీ. రెండు పూటలా తీశాను. ఏం?"

"మెట్లకు ఎదురొడ్డున నాలా కలుస్తదా?"

"కలుస్తుంది. కానీ అది చాలా దూరం."

"దూరమైతేంది? పొద్దుగాల గాలి ఉండదు. పగటాల్ల దాటినంక లేస్తది. ఆ ఒడ్డు నురుగంత ఈ ఒడ్డుకు తోలుతది. గందుకే మా అమ్మ తెల్లబట్టలు పొద్దుగాలనే జాడించేది."

ఆమె ఒక ఏ సీసా, ఒక పీ సీసా చేతుల్లోకి తీసుకుంది. తరవాత సార్ గదికి పరుగెత్తింది.

సార్ వెంటనే నమ్మలేదు. "మళ్లీ తీసి చూడండి. ఆమె కడిగిన సీసాలతోనే. ఒకదానిలో మన శుద్ధి నీళ్లు పోసి, చెరువు దాకా తీసుకెళ్లి తీసుకురండి. మురికి సీసాలదైతే అందులోనూ బయటపడుతుంది."

న్యాయంగానే తోచింది. నేనూ వెళ్లాను. బండి నడిపే భాయ్ దారంతా ఆటపట్టించాడు.

"అమ్మా, నువ్వు సైంటిస్టువైనవ్. ఇగ మాకు చాయ్ ఎవరు పోస్తరు?"

"నువ్వే పొయ్యి భాయ్. నేను తాగుత."

పొద్దున చెరువు అద్దంలా ఉంది. మధ్యాహ్నం దాటాక నా కొంగు లేచింది. చూస్తుండగానే ఎదురొడ్డు నురుగు చారలు చారలుగా కదిలి మా మెట్లను తాకింది. "ఆంటీ!" అని అమ్మాయి ఎగిరి గంతేసింది. రెండు పూటలా, రెండు ఒడ్డుల దగ్గరా సీసాలు నింపాం. ఏ, పీ అన్న అక్షరాలు చీటీల మీద నేనే రాశాను. నా పీ కొంచెం వంకరగా పడింది. అయినా పీయే.

ఫలితాలు వచ్చేదాకా రోజులు లెక్కపెట్టాను. వచ్చిన రోజు సార్ మళ్లీ నా సింకు దగ్గరికే వచ్చారు. వెనకే అమ్మాయి, ముఖమంతా నవ్వు. మెట్ల దగ్గర పొద్దుటి నీళ్లలో మామూలు రకాలే. మధ్యాహ్నం దాటాక తీసిన నీళ్లలో ఆ అరుదైనవి. నాలా ఒడ్డున అయితే రెండు పూటలా అవే గుంపులు గుంపులు.

"ఇక్కడ అరుదనుకున్నవి అక్కడ అమీర్‌పేట హాస్టల్ పిల్లలు, ఆంటీ!" అంది అమ్మాయి.

సార్ ఫలితాల కాగితం నా వైపు తిప్పారు. "శుద్ధి నీళ్లు పోసిన మీ సీసాలో ఏమీ లేదమ్మా. నేనే తొందరపడ్డాను."

"నువ్వు" పోయి "మీరు" వచ్చింది. కానీ నా చెవిలో మోగింది ఆ ముందు మాట. "ఏమీ లేదు." నా బతుకులో నన్ను ఎవరూ అంత గొప్పగా మెచ్చుకోలేదు.

ఆ కాగితం అడిగి తీసుకున్నాను. నా సీసా నంబరు ఎదురుగా వరసంతా సున్నాలే. సింకు పైన టైల్స్‌కు అంటించాను. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా సీసాలు తెచ్చి "ఆంటీ, జర మంచిగ కడుగు" అంటే నేను వెనక్కి తిరగను. సబ్బు చేత్తో ఆ కాగితం చూపిస్తాను.

"చదువుకో బిడ్డా," అంటాను.