డాక్టరమ్మ బండికి చిన్న చక్రాలు

2024 జూన్. అనంతపురం నుంచి రాప్తాడు పోయే దారిలో రోడ్డు పక్కనే నా టైర్ల షాపు. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. టైర్లు మార్చడం, పంక్చర్లు వేయడం, వీల్ అలైన్‌మెంట్ చూడడం, అంటే నాలుగు చక్రాలూ తిన్నగా ఒకే వైపు నడిచేలా సరిచేయడం. ఇన్నేళ్లలో రిమ్ములు మార్చమని వచ్చినవాళ్లంతా అడిగింది ఒకటే: ఉన్నవి తీసి పెద్దవి వెయ్యమని. పెళ్లి కుదిరిన కుర్రాళ్లు, కొత్తగా గెలిచిన సర్పంచులు, ప్లాట్లు అమ్మేవాళ్లు, అందరిదీ అదే మోజు. రిమ్ము పెద్దదైతే బండికి మీసం మొలిచినట్టు మురిసిపోతారు. నేనూ కాదనకుండా వేస్తాను.

చిన్నవి వెయ్యమని అడిగిన మనిషి ఇప్పటిదాకా ఒక్కరే. ఆమె పశువుల డాక్టరు శాంతకుమారి. సొంతూరు గార్లదిన్నె దగ్గర. ప్రైవేటుగా వైద్యం చేస్తుంది. పట్నంలో క్లినిక్ ఉన్నా, ఎక్కువగా ఊళ్ల మీదే తిరుగుతుంది. గొర్రెల మందలు, పాడి ఆవులు, ఎవరు ఫోన్ చేసినా పోతుంది. డీజిల్ ఖర్చు మోయలేక పాత జీపు అమ్మేసి ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొనుక్కుంది.

"ఏమన్నా, ఈ చక్రాలు పీకేసి చిన్నవి వేస్తావా?" అంది దిగుతూనే.

"మేడం, లోకమంతా పెద్దవి అడుగుతాంటే మీరేంది ఉల్టా?"

"లోకమంతా సిమెంటు రోడ్డు మీద తిరుగుతాదప్పా. నేను గొర్రెల ఎనక తిరుగుతా."

బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. పదిహేడు అంగుళాల అల్లాయ్ రిమ్ములు, తళతళ మెరుస్తున్నాయి. వాటి మీద సన్నటి టైర్లు. రిమ్ముకూ నేలకూ మధ్య టైరు పక్కభాగం ఉంటుంది చూడండి, దాన్ని సైడ్‌వాల్ అంటాం. రాయి తగిలినప్పుడు వంగి దెబ్బ కాచుకునేది అదే. రిమ్ము పెద్దదయ్యేకొద్దీ ఈ సైడ్‌వాల్ పొట్టిదవుతుంది. వంగడానికి చోటుండదు. రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి కోసుకుపోతుంది. నేలకు ఆనే భాగంలో పంక్చరైతే అతుకు వేయొచ్చు, సైడ్‌వాల్ కోసుకుంటే ఆ టైరు పనికిరాదు. పైగా ఈ బండికి స్టెప్నీ లేదు. గాలి కొట్టే డబ్బా, ఒక జిగురు సీసా ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

ఆమె బండి టైరు అంతకుముందు నెల వజ్రకరూరు దాటాక బండ్లబాటలో అట్లాగే కోసుకుపోయింది. ఈనలేక అవస్థపడుతున్న ఆవు కోసం పోతోంది అప్పుడు. ఎవరిదో మోటారు సైకిల్ దొరికి, చేరేసరికి తల్లీ దూడా రెండూ పోయాయి.

"ఆ ఇంటాయన ఒక్క మాట గూడా అనలేదన్నా. తిట్టినా బాగుండు," అంది. "ఈ టైర్ల సంగతి తేలకపోతే నేనింగ ఊర్లకు పోను. టౌన్లో కూర్చోని కుక్కలకు సూదులు వేసుకుంటా. వస్తానని చెప్పి రాకపోవడం నావల్ల కాదు."

అంతవరకూ వేళాకోళంగా ఉన్నవాణ్ణి, జాకీ తెచ్చి ముందు చక్రం ఒకటి విప్పాను.

అదే రకం బండిలో తక్కువ ధర మోడల్‌కు కంపెనీయే పదహారు అంగుళాల స్టీలు రిమ్ములు ఇస్తుంది. కాబట్టి చిన్న రిమ్ము అసాధ్యమేమీ కాదు. చిక్కల్లా బ్రేకు దగ్గరే. చక్రం లోపల క్యాలిపర్ అని ఉంటుంది, బ్రేకు తొక్కితే డిస్కును పిడికిలిలా పట్టేది. ఖరీదైన మోడల్‌కు క్యాలిపర్ కాస్త పెద్దదిస్తారు. చిన్న రిమ్ము దానికి రాసుకుందంటే పాణం మీదికొస్తుంది. రెండిటి మధ్య ఎంత సందుందో బిగించాక కంటికి కనపడదు.

మామూలుగా బంకమట్టి అద్ది చూస్తాం. క్యాలిపర్ మీద మట్టి పెట్టి, రిమ్ము బిగించి, చేత్తో తిప్పి, మళ్లీ విప్పితే ఎంత మందం మిగిలిందో తెలుస్తుంది. ఆ రోజు ఎండకు మట్టి పెళుసుబారి రాలిపోతోంది. మూడుసార్లు అద్ది విసిగిపోయాను. అప్పటికే భోజనం వేళ. క్యారియర్ విప్పితే రాగిసంగటి కనపడింది. చల్లారిన సంగటి సంగతి మాకు తెలియనిదా? ఎట్లా ఒత్తితే అట్లా ఉంటుంది, ఒక పట్టాన ఊడదు. చిన్న ముద్ద తుంచి క్యాలిపర్ మీద అద్దాను. రిమ్ముకు అంటుకోకుండా దాని లోపలివైపు కాస్త నూనె రాశాను.

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. "నేను గేదెకు సంగటి పెట్టడం సూసినా గానీ, బ్రేకుకు పెట్టడం ఇదే సూడ్డం!"

"సంగటిలోకి ఊరిబిండి పచ్చడి గూడా ఉండాది మేడం, అద్దమంటారా?"

మొదటి రిమ్ము తిప్పి విప్పితే సంగటి కాగితమంత పలచగా అణిగింది. అంటే సందు లేనట్టే. పక్కన పెట్టేశాను. లోపలి వంపు వేరుగా ఉన్న ఇంకో రకం రిమ్ము తెప్పించి పెడితే పెన్సిల్ మందాన మిగిలింది. నాలుగు చక్రాలకూ అట్లాగే చూశాను. ఆ పూట నా భోజనంలో సగం బండే తినింది.

టైరు 215/65 ఎంచుకున్నాం. పాతది 215/55. వెడల్పు అంతే, ఎత్తు మాత్రం ఎక్కువ. టైరు మీద సైజు పక్కన ఇంకో అంకె ఉంటుంది, లోడ్ ఇండెక్స్, అంటే ఎంత బరువు మోస్తుందనేది. బ్యాటరీ వల్ల ఈ బండ్లు మహా బరువు. అందుకే ఆ అంకె పాతదానికంటే తగ్గకుండా చూశాను. స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి, బానెట్టు మీద ఇద్దరం కూర్చుని కూడా చూశాం. టైరు ఎక్కడా తగల్లేదు. వారంటీ విషయంలో కంపెనీ పేచీ పెట్టొచ్చని ముందే చెప్పాను. "వారంటీ వచ్చి ఆవును ఈనిపిస్తాదా?" అంది.

పక్క షాపాయన తొంగిచూసి, "ఏమప్పా, పెండ్లికూతురు నగలన్నీ ఊడబెరికినట్టుండాదే!" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అట్లాగే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్. "అన్నా, ఒకసారి రా. నీ టైర్లు నా బ్యాటరీని తింటాండాయి. పోయే దూరం తక్కువ సూపిస్తాండాది."

ఉరవకొండ వైపు ఇద్దరం బయలుదేరాం. ఎత్తు టైరు ఒక చుట్టు తిరిగితే పాతదానికంటే ఎక్కువ దూరం పోతుంది, కానీ బండి పాత లెక్కే వేసుకుంటుంది. అది నాకు తెలుసు. అది ఎంతో తేల్చే ఉపాయం మాత్రం ఆమెకే తట్టింది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు లెక్కపెడదామంది. నలభై రాళ్లు దాటేసరికి మీటరు ముప్పై తొమ్మిదే చూపింది.

"అంటే కొంత లెక్కలోనే పోతాండాది, నిజంగా పోతాండేది కొంతే," అంది హుషారుగా. "ఇంగ ఈ కిలోమీటర్ల అంకెను నమ్మేది లేదు. బ్యాటరీ ఒక్క శాతం తగ్గితే ఎన్ని రాళ్లు దాటినామో అదే మన లెక్క."

ఆ మాట అంటుండగానే ఫోన్ మోగింది. వజ్రకరూరు అవతల పల్లె నుంచి నారాయణప్ప అనే రైతు. ఆవు నొప్పులు పడుతోందట, దూడ కాళ్లు కనపడుతున్నాయట, తల రావడం లేదట.

బండి తెర మీద కిలోమీటర్ల అంకె చూస్తే, పోయి తిరిగి అనంతపురం చేరడానికి చాలదు. దారిలో ఛార్జింగ్‌కు ఆగితే గంట పోతుంది, ఆవు గంట ఆగదు. ఆమె రోడ్డు పక్కకు తీసి రెండు నిమిషాలు వేళ్ల మీద లెక్క వేసుకుంది. శాతాల లెక్కలో బొటాబొటిగా సరిపోతుంది.

"ఏమంటావన్నా?"

"లెక్క మీది, టైర్లు నావి. పోదాం పట్టండి," అన్నాను. అన్నానే గానీ నాకు ఒకటే ఆలోచన: నా టైరు మళ్లీ కోసుకుపోతే ఈమె ఇంకెన్నడూ ఊళ్ల మొహం చూడదు.

తారురోడ్డు దిగి బండ్లబాట ఎక్కగానే, ఏళ్లుగా నాకు అంతుచిక్కని ఒక విషయం అర్థమైంది. సైడ్‌వాల్ కోసుకుపోయిన టైర్లు నా షాపుకు ఎప్పుడూ తొలకరి రోజుల్లోనే ఎక్కువగా వస్తాయి. వానకు టైరెందుకు కోసుకుంటుందని నాలో నేనే బుర్ర గోక్కునేవాణ్ణి. అక్కడ చూస్తే చేలల్లో ఆడవాళ్లు గంపలతో రాళ్లు ఏరుతున్నారు. వేరుశనగ వేసే ముందు మడకతో దున్నితే పైకి తేలిన రాళ్లవి. ఏరినవి ఏరినట్టు తెచ్చి బాటలో కుమ్మరిస్తున్నారు. చేను శుభ్రమవుతుంది, బాట బురద కాదు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి, ఎద్దుల బండి ఇనుప పట్టాకు ఆ రాయి ఒక లెక్కా? కొత్తగా మట్టిలోంచి లేచిన రాయి అంచు మాత్రం కత్తే.

ఆమెను ఆపి, దిగి, నాలుగు టైర్లలో గాలి కాస్త తగ్గించాను. చక్రం రాయి మీదికి ఎక్కినప్పుడల్లా కిందికి వంగి చూస్తూ బండి ముందు నడిచాను. ఎత్తైన సైడ్‌వాల్ రాయి మీద మెత్తగా అణిగి, దాటగానే మళ్లీ నిక్కుతోంది. అంత రాళ్ల గుట్ట మీద పిల్లిలా పోయింది బండి. దాన్ని చూస్తుంటే నాకు నిజంగా సంతోషం వేసింది.

నారాయణప్ప కొట్టం ముందు నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ మోచేతి పైదాకా తొడుగు వేసుకుని ఆవు వెనక మోకాళ్ల మీద కూర్చుంది. దూడ మెడ వెనక్కి తిరిగి ఉందట. కళ్లు మూసుకుని లోపల చేత్తోనే వెతికి, తలను ముందుకు తిప్పింది. దూడ కాళ్లకు తాడు కట్టి, నన్నూ నారాయణప్పనూ పట్టుకోమంది. "లాగొద్దండప్పా! నేను చెప్పినప్పుడే!" అని కసిరింది. ఆవు నొప్పి తీసినప్పుడు లాగడం, ఆగినప్పుడు ఆగడం. ఉన్నట్టుండి జారి గడ్డి మీద పడింది దూడ. కదల్లేదు. ఆమె దాని ముక్కులో గడ్డిపోచ పెట్టి తిప్పింది, గడ్డితో ఒళ్లంతా రుద్దింది. అది తుమ్మింది.

నారాయణప్ప చెంబుతో ఆమె చేతులకు నీళ్లు పోశాడు. పోస్తూనే అడిగాడు, "మేడం, మీరింగ టౌన్లోనే ఉంటారంట గదా? ఊర్లకు రారంట. మావోళ్లు అనుకుంటాండారు."

ఆమె నా వైపు చూడలేదు. బండి వైపు చూసింది.

"వస్తానప్పా," అంది. "ఆ మూల నల్లావు గూడా చూలు కట్టినట్టుండాది గదా. దాని టైముకు గూడా ఫోన్ చెయ్యి."

తారురోడ్డు ఎక్కాక టైర్లకు మళ్లీ గాలి కొట్టాం. దారంతా తెర మీద అంకె భయపెడుతూనే ఉంది, ఆమె మాత్రం రాళ్లే లెక్కపెట్టింది. షాపు చేరేసరికి బ్యాటరీలో ఇంకా కొంత మిగిలే ఉంది.

ఆ తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. చక్రాలు మార్చమని ఎవరొచ్చినా ముందు బండిని చూడను. "రోజూ యాడికి పోతావప్పా? ఆడ నీ కోసం ఎవరు కాచుకోనుంటారు?" అని అడుగుతాను. చాలామంది నవ్వుతారు. పెద్దవే కావాలంటే పెద్దవే వేసి పంపిస్తాను, నా వ్యాపారం నాది. కానీ ఆ ప్రశ్నకు ఎవరిదో ఒక పేరు చెప్పేవాళ్లు కొందరుంటారు. వాళ్ల బండి చక్రాలు పనివాళ్లకు ఇవ్వను, నేనే బిగిస్తాను.