ఎరుపు కనబడితే తిప్పన్న ఆగుతాడు

ఆఁ, తిప్పన్న దగ్గర కదా మొన్న మాట తెగిపోయింది! ఒక్క ముక్కలో చెబుతాను వినండి: ఎరుపు రంగు కనబడితే చాలు, తిప్పన్న బస్సు ఆపేసేవాడు. రైలు గేటు ఎర్రదీపానికే కాదండీ. ఎర్రచీరకు, ఎండుమిరపకాయల కుప్పకు, ఒకసారైతే పెండ్లికొడుకు తలపాగాకు కూడా.

ఈ బాధంతా పడ్డవాడు కండక్టర్ కుళ్ళాయప్ప. పంతొమ్మిదివందల యాభై ఆరు నుంచి ఆరేళ్లు హిందూపురం–ధర్మవరం బస్సులో తిప్పన్నతోనే డ్యూటీ. ఆ ఆరేళ్లలో పాపం అరవై ఏళ్ల విసుగు పడ్డాడు.

ధర్మవరంలో అద్దకంవాళ్లు రంగు వేసిన పట్టునూలును వీధిలో కర్రలకు ఆరేస్తారు కదా, ఆ వీధి మొదట్లోనే బ్రేకు పడేది.

"ఏమప్పా తిప్పన్నా, అది పట్టునూలప్పా!"

"ఎరుపా, కాదా?"

"ఎరుపే. అయితే? ఈడికి రైలొస్తాందా?"

"రాదని నీకెవురన్నా రాసిచ్చినారా?"

కుళ్ళాయప్ప ఉసూరుమంటూ దిగి, అటూ ఇటూ చూసి, రైలు లేదని చేయి ఊపితే తప్ప బండి కదిలేది కాదు. దారిలో ఇట్లా ఆగినప్పుడల్లా, ఎటూ ఆగింది కదా అని ఎవరో ఒక ముసలమ్మ ఎక్కేది.

ఈ పిచ్చికి కారణం ఊరంతా ఎరిగిందే. వయసులో లారీ తోలేటప్పుడు తిప్పన్న గేటు కాపలావాడి ఎర్రజెండాను లెక్కచేయక పట్టాలెక్కించాడు. గూడ్సుబండి వచ్చి లారీ వెనక చెక్కలు ఊడగొట్టుకుపోయింది. ప్రాణం దక్కింది గానీ కోర్టులో జరిమానా పడింది, లైసెన్సు ఆరు నెలలు లాక్కున్నారు.

చివరికి కుళ్ళాయప్ప ఓపిక అయిపోయి ఓనరు రంగప్పకు చెప్పేశాడు. స్టాపు కాని చోట బండి ఆపకూడదన్నది రంగప్ప గట్టి రూలు. మర్నాడే పెనుకొండలో ఎక్కి డ్రైవరు వెనకాలే కూర్చున్నాడు.

"ఈపొద్దు స్టాపు కాని తావ ఊరికే ఆపితివో, రేపట్నుంచి నీకు పని లేదు తిప్పన్నా."

ఎందుకు చెప్పానా అని కుళ్ళాయప్ప నాలుక కరుచుకున్నాడు. విసుగు పడటం వేరు, మనిషి పని పోగొట్టడం వేరు.

రైలు గేటు వచ్చింది. గేటు తెరిచే ఉంది గానీ కాపలావాడు ఎర్రజెండా ఊపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. బ్రేకు!

"తెరిచిన గేటు కాడ ఆపుతావేమప్పా? పోనీ!" అని రంగప్ప అరిచాడు. తిప్పన్న ఇంజను కూడా ఆపేసి చేతులు కట్టుకున్నాడు. రంగప్ప రెండో తిట్టు వెతుక్కునేలోగా బెంగుళూరు రైలు కళ్ల ముందు ధడధడా పోయింది. ఆయన చెమట తుడుచుకున్నాడు.

గండం గడిచిందనుకుంటే, కొత్తచెరువు దాటాక ముళ్లకంపకు కట్టిన ఎర్రగుడ్డ! మళ్లీ బ్రేకు. కుళ్ళాయప్ప కళ్లు మూసుకున్నాడు.

"ఇది ఏ రైలప్పా?" అంటూ రంగప్ప లేచాడు.

కంప వెనక నుంచి చౌడక్క అనే ఆవిడ, నిండు చూలాలైన కూతుర్ని నడిపించుకుంటూ వచ్చింది. "నువ్వు చెప్పినట్లే గుడ్డ కట్టినా తిప్పన్నా. నొప్పులు మొదలైనాయి. స్టాపు దాకా రెండు మైళ్లు ఇది యాడ నడుస్తాది? ఆస్పత్రి కాడ దింపు నాయనా."

తిప్పన్న వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఆ గుడ్డకంటే ఎర్రబడ్డాయి.

ఆరేళ్లుగా ఎక్కిన ముసలమ్మలంతా కుళ్ళాయప్ప కళ్ల ముందు వరుసగా నిలబడ్డారు. అయితే బండి ఆగిందని వాళ్లెక్కలేదు, వాళ్లు ఎక్కాలనే బండి ఆగిందన్నమాట! జాలిపడి ఆపితే పని పోతుంది, పిచ్చితో ఆపితే నవ్వి ఊరుకుంటారు.

రంగప్ప కాసేపు ఆ గుడ్డకేసి చూశాడు. తర్వాత తన సీటు ఆ పిల్లకు చూపించి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చూస్తాండావు కుళ్ళాయప్పా? బిరీన దిగి, రైలొస్తాందేమో చూసి చెప్పు. బండి కదలాల!"

తిప్పన్న ఇప్పుడు పని మానేసి ధర్మవరంలోనే ఉన్నాడు. పొద్దున్నే వీధుల్లో విసవిసా నడుస్తాడట, ఎంత పిలిచినా ఆగడట. ఈ ఆదివారం పోయి పలకరించి రావాలి. ఎర్ర తువ్వాలు ఉతికి ఆరేశాను.