సమాధుల తోట కోసం కనిపెట్టిన రోజులు

మా నాన్న చనిపోయినప్పుడు మా సంఘానికి సమాధుల తోట లేదు. శంషాబాద్‌లో రేకుల కప్పుతో ఒక ప్రార్థన మందిరం ఉండేది, అంతే. ఎవరైనా పోతే పట్నంలో వేరే సంఘంవారి తోటలో చోటు అడుక్కోవాలి. నాన్న పెట్టెను కిరాయి ట్రాలీలోకి ఎక్కించి బెంగళూరు రోడ్డు మీద బయలుదేరాం. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర లారీలు ఆగిపోయాయి. ఎండలో పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ట్రాలీలో పట్టినంతమందే వచ్చారు. అమ్మ, అక్క, వాడకట్టు ఆడవాళ్ళంతా ఇంటి దగ్గరే ఉండిపోయారు. తీరా తోట దగ్గరికి చేరాక, చోటు చూపించాల్సిన మనిషి అన్నానికి పోయాడని గేటు బయట కూర్చోబెట్టారు. అప్పుడు ఒంట్లోకి దిగిన అలసట చాలా నెలలు నన్ను వదల్లేదు.

కొన్నాళ్ళకు మా అయ్యగారు ఇంటికి వచ్చారు. గోదావరి వైపు మనిషి, ఎవరినైనా 'మీరు' అనే పిలిచే పాస్టరు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నారు.

"మనకంటూ ఒక చోటు ఉండాలండి. ఈ పని మీరు ఎత్తుకోవాలి."

"రేపే అడుగుత అయ్యగారూ. పాల్మాకుల దిక్కు పడావు భూములు శాన ఉన్నయి."

"వద్దండి. ఇప్పుడే ఎవర్నీ అడగొద్దు. ముందు కనిపెడదాం."

మా సంఘాల్లో కనిపెట్టడం అంటే దేవుని ముందు మోకరించి, దారి తెలిసేదాకా ఓపిక పట్టడం. నాకు ఆ ఓపిక లేదు. కాటేదాన్‌లో ఒక ఇనుప షెడ్డులో లేత్ మిషన్ మీద పని చేసేవాణ్ణి. రోజంతా నిలబడే పని. ఇంటికొచ్చేసరికి కాళ్ళు నావి కానట్టుండేవి. అయినా ఆయన మాట కాదనలేక, ప్రతి శనివారం డ్యూటీకి పోయే ముందు తెల్లవారుజామున మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాను.

ముగ్గురమే ఉండేవాళ్ళం. అయ్యగారు, నేను, బస్టాండు దగ్గర కూరగాయలు అమ్మే ఒక ముసలామె. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. సంఘంలో అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. అయ్యగారు ప్రార్థన ఎత్తుకోగానే నాకు నిద్ర ముంచుకొచ్చేది. చాప మీద మోకరించి, నుదురు నేలకు ఆనించి, అట్లాగే నిద్రపోయేవాణ్ణి. పెద్దమ్మ మోచేత్తో పొడిచేది.

"లే బిడ్డా. దేవునికి చెప్తున్నవా, గురక పెడ్తున్నవా?"

ప్రార్థన అయ్యాక అయ్యగారు అక్కడే కూర్చుని ప్రశ్నలు అడిగేవారు. వానాకాలం నీళ్ళు ఎటు పోతాయి? పెట్టె మోసేవాళ్ళు పక్కపక్కన నడిచేంత దారి ఉందా? గొయ్యి ఎవరు తవ్వుతారు? పక్క పొలాలవాళ్ళకు ఏం ఇబ్బంది? ఒకరోజు విసుగొచ్చి అడిగేశాను.

"గివన్నీ ప్రార్థననేనా అయ్యగారూ? నాకు బస్సు పోతది."

ఆయన కోప్పడలేదు. "బయటికి పోయాక మనలో మనం కంగారుపడేది వీటికేగా. దేవుని ముందు కూర్చునే ఆలోచిద్దామని" అన్నారు.

ఆ రోజు పెద్దమ్మ గట్టిగా ప్రార్థన చేసింది. "అయ్యా, చచ్చుడంటే నాకు భయం లేదు. గా ట్రాలీల ఒక్కదాన్ని పోవుడే భయం. మా ఆడోళ్ళు ఎంట నడిచి వచ్చేటంత దగ్గర్ల జాగ ఇయ్యి తండ్రీ." నేను నిద్రపోకుండా విన్న మొదటి ప్రార్థన అదేనేమో. మా అమ్మ ఇంటి గుమ్మంలో నిలబడిపోవడం గుర్తొచ్చింది.

పాల్మాకుల దారిలో గుట్ట కింద ఒక పడావు చెలక, దున్నక వదిలేసిన మెట్ట నేల, నా కంట్లో పడి ఉంది. దాని సంగతి చెప్పాను. అడగబోయే ముందు ఒక పూట అక్కడ కూర్చుని చూద్దామంది పెద్దమ్మ. ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురం వెళ్ళాం. ఎండ మండిపోతోంది. బండ నీడన కూర్చున్నాం. కాసేపటికి ఆడవాళ్ళు సద్దిమూటలు నెత్తిన పెట్టుకుని అటే వచ్చారు. వెనక చిన్నపిల్లలు.

"ఇది పిల్లలు నడిచే తోవ. పొద్దుమీకితే జడుసుకుంటరు. ఈడ వద్దు బిడ్డా" అంది పెద్దమ్మ.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "మరేడ పెట్టాలె పెద్దమ్మా? ఆకాశంలనా?" అని లేచి దూరంగా పోయి నిలబడ్డాను.

అప్పుడే ఆ చెలక రైతు, తెల్లటి మీసాల పెద్దమనిషి, ఎవరో కూర్చున్నారని చూసి దగ్గరికొచ్చాడు. ఇక దాచేదేముంది? నేనే చెప్పాను.

"బాపూ, మా చర్చికి మనుషుల్ని పాతిపెట్టుకునేతందుకు జాగ చూస్తున్నం. ఇది బాగుంటదనుకున్నం గని, మీ పిల్లలు నడిచే తోవ ఉన్నది. ఇది అడుగం."

ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "తోవ ఒక్కటే కాదు, కింద నా బాయి ఉన్నది. అడిగినా ఇయ్యకపోదును." తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ, "మీరు పాతిపెట్టినంక మళ్ళ వస్తరా, గట్లనే ఇడిచిపెడ్తరా?" అని అడిగాడు.

"వస్తమయ్యా. గడ్డి పీకుతం, సున్నమేస్తం, పూలు పెడ్తం" అంది పెద్దమ్మ.

"మా నాయినను మేం చేను ఒడ్డుకే పెట్టుకున్నం. ఎవరి మనిషి వాళ్ళకు దగ్గర్లుండాలె" అన్నాడు. తర్వాత వాగు అవతలికి చెయ్యి చూపించాడు. అక్కడ తమ అన్నదమ్ముల ఉమ్మడి రాళ్ళ నేల ఉందట. విత్తనం పడదు, పిల్లలు నడిచే తోవా లేదు, బాయీ లేదు. "నా ఒక్కని మాట నడవది. అందరు ఒప్పుకోవాలె. వరి కోతలయినంక రాండ్రి."

మళ్ళీ ఆగడమే. తిరిగొస్తూ అయ్యగారి మొహం చూశాను. సంతోషమూ లేదు, దిగులూ లేదు. "శనివారం కలుద్దామండి" అన్నారు. ఆ మాటకు నా మోకాళ్ళు అప్పుడే నొప్పి పెట్టాయి.

కోతలయ్యేదాకా శనివారాలు అట్లాగే సాగాయి. నాకు దర్శనం రాలేదు, స్వరం వినిపించలేదు. పొద్దున్నే చలి, చాప, పెద్దమ్మ దగ్గు, బస్సు పోతుందన్న ఆత్రం. ఆ రైతు ఇంట్లో చిన్న తమ్ముడు ముందు ఒప్పుకోలేదని కబురొచ్చింది. తర్వాత పెద్దాయనే వాగు దాకా తీసుకుపోయి నచ్చజెప్పాడట. సంఘ పెద్దలు ధర మాట్లాడి ఆ రాళ్ళ నేల కొన్నారు. నా వంతుకు అక్కడ పెరిగిన సర్కారు తుమ్మ కొట్టే పని వచ్చింది. కొన్ని ఆదివారాలు ముళ్ళతోనే గడిచిపోయాయి. ఒంటి నిండా గీతలు చూసి నా భార్య, "దేవుడు నీకే దొరికిండా, నువ్వే దేవునికి దొరికినవా?" అంటూ కొబ్బరినూనె రాసింది.

మొదట అక్కడి మట్టిలోకి చేరింది నేను పెద్దగా ఎరగని మనిషి. కాటేదాన్‌లో వాచ్‌మన్, మా సంఘానికి కొత్త. నేల అంతా రాయి. గడ్డపార దిగలేదు. వంతులవారీగా తవ్వుతూనే ఉన్నాం. పెట్టె వాగు దాటుతుంటే తలెత్తి చూశాను. వెనక ఆయన భార్య నడుస్తోంది, ఆమె రెక్క పట్టుకుని పెద్దమ్మ, ఆ వెనక మా అమ్మతో సహా ఆడవాళ్ళంతా. చెప్పులు చేత పట్టుకుని నీళ్ళలో దిగి వస్తున్నారు. అవతలి గట్టున ఆ రైతు తలగుడ్డ తీసి నిలబడ్డాడు. నాకు గొప్ప ఆనందమేమీ కలగలేదు. గట్టు మీద కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక అయ్యగారు పక్కన కూర్చున్నారు. "తోట చుట్టూ గోడ సంగతి కూడా ప్రార్థనలో పెట్టాలండి" అన్నారు.

"పెడదాం అయ్యగారూ. జర ఊపిరి తీసుకోనియ్యండి" అన్నాను.

గోడ మేం కట్టలేకపోయాం. చుట్టూ ముళ్ళ కిత్తనార మొక్కలు నాటాం. అవి కంచెలా ఒత్తుగా పెరగడానికి చాలా కాలం పట్టింది.